క్యాప్ ఊడితే ఖర్చు ఎవరిది?

దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించి, పైన జిర్కోనియా క్యాప్ వేయించుకుంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఓ మోస్తరు క్లినిక్‌లోనైనా పది పదిహేను వేలు దాటుతుంది. ఇంప్లాంట్ అయితే ఒక్క పన్నుకే పాతిక వేల నుంచి యాభై వేలు, కంపెనీని బట్టి ఆపైన కూడా. నెల జీతం మీద నడిచే ఇంట్లో ఇది ఇంకేదో ఖర్చు వాయిదా వేసుకునో, ఈఎంఐ పెట్టుకునో చేసే పని. ఆరోగ్య బీమా ఇందులో సాయానికి రాదు. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యాన్ని చాలా పాలసీలు ముందే పక్కన పెట్టేస్తాయి. అలా చేయించుకున్నది ఏడాదిన్నరకే పాడైతే ఏమవుతుంది? అన్నం తింటుండగా క్యాప్ చేతిలోకి ఊడొస్తుంది, లేదా క్యాప్ కింద పన్ను విరుగుతుంది, లేదా పోయిందనుకున్న నొప్పి వాపును వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. క్లినిక్‌కు వెళితే ‘మీ పన్నే వీక్ అండీ, మేం చేయాల్సింది చేశాం’ అంటారు. ఇంట్లోవాళ్లు ‘దోచుకున్నారు’ అంటారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ పూర్తి నిజాలు కావు. కానీ ఆ వాదన తేలేలోపు రోగి చేసేది మళ్లీ డబ్బు కట్టడమే, అక్కడో మరోచోటో. నా వాదన ఒక్కటే: తప్పెవరిదని తర్వాత తగవు పడే బదులు, ఇంత కాలంలోపు పాడైతే ఎవరు ఎంత భరించాలో పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకోవాలి. అలా రాయడం డాక్టరు చూపే దయ కాదు. తీసుకునే ఫీజులోనే అది కలిసి ఉండాలి.

ముందు అంచనాల సంగతి తేల్చుకోవాలి. దశాబ్దాలుగా పోగైన పరిశోధనల ప్రకారం, సరిగ్గా చేసిన రూట్ కెనాల్ 100 మందిలో 85 నుంచి 95 మందికి నిలబడుతుంది. క్యాపుల్లో పదేళ్ల తర్వాత కూడా దాదాపు 90 శాతం నోట్లోనే ఉంటాయి. ఇంప్లాంట్లదీ ఇంచుమించు అదే లెక్క, కొన్నిచోట్ల ఇంకాస్త మెరుగు. ఇవన్నీ ఎక్కువగా యూనివర్సిటీ ఆస్పత్రుల్లో, రోగులను చూసి ఎంచుకుని, జాగ్రత్తగా చేసిన పనుల లెక్కలు. వీధి చివరి క్లినిక్‌కు యథాతథంగా వర్తిస్తాయని అనుకోనక్కర్లేదు. అయినా వాటి నుంచి రెండు విషయాలు బోధపడతాయి. మంచి చేతుల్లో కూడా కొన్ని పళ్లు పాడవుతాయి కాబట్టి, పాడైనంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. అలాగని, పదేళ్లు ఉండాల్సింది రెండేళ్లలోపే పోవడం మామూలు కూడా కాదు. అది మినహాయింపు, దానికి కారణం చెప్పాల్సిన బాధ్యత పనిచేసిన వారి మీదే ఉంటుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏడాదికి కొన్ని వందల క్యాపులు వేసే క్లినిక్‌కు వాటిలో ఎన్ని వెనక్కి వస్తాయో సుమారుగా తెలుసు. రోగికి ఉన్నది ఒక్క పన్ను, అతనికి తెలిసింది డాక్టరు మాట. ఫీజు నూరుమంది దగ్గరా సమానంగా వసూలవుతుంది, నష్టం మాత్రం దురదృష్టం కొద్దీ ఆ నలుగురైదుగురి నెత్తినే పూర్తిగా పడుతుంది. నష్టాన్ని నూరుమందికీ పలుచగా పంచగలిగింది క్లినిక్ ఒక్కటే కనుక, మొదటి భారం దాని మీద ఉండటం న్యాయం.

పాడవడానికి కారణాలు చూస్తే ఈ వాదన ఇంకా గట్టిపడుతుంది. పై దవడలో మొదటి పెద్ద దంతానికి మూడు వేళ్లుంటాయి, కాలువలు మాత్రం చాలామందిలో నాలుగు. ఆ నాలుగోది సన్నగా, చాటుగా ఉంటుంది. మంచి వెలుతురు, పెద్దదిగా చూపే అద్దాలు, వాటితోపాటు ఓపిక ఉంటేనే దొరుకుతుంది. దొరకని కాలువలో మిగిలిపోయిన బ్యాక్టీరియా ఏడాదికో రెండేళ్లకో వేరు కొస దగ్గర చీము పట్టిస్తుంది. పన్ను చుట్టూ పలుచని రబ్బరు షీటు బిగించి ఉమ్ము చేరకుండా చూసే రబ్బర్ డ్యామ్ పాఠ్యపుస్తకాల్లో తప్పనిసరి, మన క్లినిక్‌లలో చాలాచోట్ల కనిపించదు. క్యాప్ అంచు పన్నుకు సరిగ్గా అతకకపోతే ఆ సందులో ఆహారం చేరి కిందినుంచి పుచ్చుతుంది. చిగురుపైన చుట్టూ కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉంటేనే క్యాప్‌కు పట్టు దొరుకుతుంది. అది లేనిచోట క్యాప్ వేస్తే పునాది చూడకుండా మేడ కట్టినట్టే. క్యాప్ ఎత్తు కాస్త ఎక్కువై నమిలేటప్పుడు బరువంతా అక్కడే పడితే అది పగలొచ్చు, వేరు నిలువునా చీలొచ్చు. ఎముకలో స్క్రూ కోసం రంధ్రం చేసేటప్పుడు నీటితో చల్లబరచకుండా డ్రిల్ తిప్పితే వేడికి ఎముక దెబ్బతిని, ఇంప్లాంట్ మొదటి నెలల్లోనే కదిలిపోతుంది. రోగి వల్ల వచ్చేవీ తక్కువేం కాదు. రూట్ కెనాల్ కాగానే నొప్పి పోయింది కదా అని క్యాప్ వేయించకుండా ఆర్నెల్లు తిరిగేవాళ్లు, అదుపు తప్పిన షుగర్, సిగరెట్టు, గుట్కా, నిద్రలో పళ్లు కొరికే అలవాటు, శుభ్రం చేయని చిగుళ్లు, ఇవన్నీ ఖరీదైన పనిని కూడా ముందే ముగిస్తాయి.

ఇన్ని కారణాల్లో డాక్టరు ముందుగా చూడలేనివి ఎన్ని? చాలా తక్కువ. పన్ను ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో కనిపిస్తుంది. పళ్లు కొరికే అలవాటు అరిగిన కొసలను చూస్తే తెలుస్తుంది. షుగర్ ఉందో లేదో అడిగితే తెలుస్తుంది, పొగాకు మరకలు అడగకుండానే కనిపిస్తాయి. ఫ్లోరోసిస్ ఉన్న పన్ను పైపొర యాసిడ్‌కు తేలిగ్గా లొంగదు కనుక దాని మీద అతికించే వెనీర్లకూ ఫిల్లింగులకూ పట్టు తగ్గుతుందని దంతవైద్యులందరికీ తెలిసిందే; నల్లగొండలోనో కనిగిరి వైపో క్లినిక్ నడిపేవారికి మరీ బాగా తెలియాలి. అందుకే ‘మీ పన్ను వీక్’ అన్న మాట పాడైన తర్వాత మొదటిసారి వినిపిస్తే, అది సమాధానం కానే కాదు. వీక్ అయితే క్యాప్ వేయకముందే చెప్పాలి: ఈ పన్ను నిలబడే అవకాశం సగం, డబ్బు పెట్టడం మీ ఇష్టం, పీకించుకుని వేరే మార్గం చూసినా తప్పు లేదు అని. ముందు చెప్పి ఉంటే అది సలహా, తర్వాత చెబితే సాకు. ఈ తేడాను కొలవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు, కేసు షీటులో ఓ వాక్యం ఉందా లేదా అని చూస్తే చాలు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు సమ్మతి గురించి చెప్పిందీ ఈ దారిలోనే ఉంది: చికిత్స ఏమిటి, దానికి ప్రత్యామ్నాయాలేమిటి, అందులో పొంచి ఉన్న నష్టాలేమిటి అన్నది చెప్పాకే రోగి ‘సరే’కు విలువ.

ఇక్కడ చాలామంది వారంటీ కార్డు చూపిస్తారు. జిర్కోనియా క్యాపులతో పాటు నంబరు వేసిన కార్డు ఇస్తారు, దాని మీద ఐదేళ్లనో, పదేళ్లనో, పదిహేనేళ్లనో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ కార్డు ఇచ్చేది సాధారణంగా క్యాప్ తయారుచేసిన ల్యాబో, దాన్ని చెక్కడానికి వాడిన జిర్కోనియా దిమ్మెను అమ్మిన కంపెనీయో. దాని హామీ ఆ పదార్థం వరకే: క్యాప్ పగిలితే కొత్త క్యాప్ చేసి ఇస్తారు. కింద పన్ను పుచ్చిపోతే, వేరు చీలితే, రూట్ కెనాల్ బెడిసికొడితే, అంచు సరిగ్గా కూర్చోక చిగురు వాస్తే ఆ కార్డు దేనికీ పనికిరాదు. నిజానికి జిర్కోనియా చాలా గట్టిది, అది పగలడం అరుదు; అంటే అరుదుగా జరిగేదానికి హామీ ఇచ్చి, తరచుగా జరిగేవాటిని వదిలేశారన్నమాట. పగిలినా సరే, పాతది కోసి తీయడానికి, కొలతలు తీసుకోవడానికి, మళ్లీ అతికించడానికి క్లినిక్ ఫీజు వేరే. ఈ సంగతి డబ్బు కట్టేటప్పుడు చెప్పేవారు కొద్దిమంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫ్లెక్సీల మీదా కనిపించే ‘లైఫ్‌టైమ్ వారంటీ’ మాట అయితే మరీ విడ్డూరం. ఎవరి జీవితకాలం, దేనికి వారంటీ, డాక్టరు ఊరు మారితే ఎవరిని అడగాలి? 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో నిర్వచించింది, తప్పుడు గ్యారంటీ ఇవ్వడాన్ని కూడా అందులో చేర్చింది. కాబట్టి ఆ పోస్టర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

డాక్టరు ఊరు మారడం సంగతి ఊరికే అనలేదు. మన నగరాల్లో చాలా క్లినిక్‌లు విజిటింగ్ కన్సల్టెంట్ల మీద నడుస్తాయి. బోర్డు మీద ఒకరి పేరుంటుంది. రూట్ కెనాల్ చేయడానికి ఒక స్పెషలిస్టు, ఇంప్లాంట్ వేయడానికి ఇంకో స్పెషలిస్టు వారానికో రోజు వచ్చి వెళతారు. నైపుణ్యం పరంగా ఇది మంచిదే, ఎండీఎస్ చేసిన మనిషి చేతికి కష్టమైన పన్ను దక్కుతుంది. జవాబుదారీ మాత్రం ఇద్దరి మధ్య జారిపోతుంది. కన్సల్టెంట్ క్లినిక్ వైపు చూపిస్తారు, క్లినిక్ కన్సల్టెంట్ వైపు. బిల్లు మీద ఎవరు చేశారో పేరుండదు, కొన్నిచోట్ల అసలు బిల్లే ఉండదు. గొలుసుకట్టు క్లినిక్‌లలో ఆరు నెలలకోసారి డాక్టర్లు మారుతుంటారు; రోగి తిరిగొచ్చేసరికి కుర్చీ పక్కన నిలబడేది తన పన్నును ఎన్నడూ చూడని జూనియర్. డబ్బు తీసుకున్నది ఎవరి ఖాతాలోకైతే వారే బాధ్యులు కావాలి. లోపల పంపకాలు వాళ్ల సొంత వ్యవహారం. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చెప్పింది కూడా. ‘బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది’ అని భయపెట్టే కౌంటర్లకు ఆ సంగతి గుర్తుచేయొచ్చు. పైగా చికిత్స కోసం చేసే ఆరోగ్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది.

మరి చట్టం ఉంది కదా, కేసు వేస్తే పోదా అనొచ్చు. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. దంతవైద్యమూ అందులో భాగమే. కానీ ఆ తలుపు తెరుచుకున్నా లోపల దారి ఇరుకు. అక్కడ తేలాల్సింది పని పాడైందా అని కాదు, డాక్టరు నిర్లక్ష్యం చేశారా అని. 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ఈ కొలతను స్పష్టంగా పెట్టింది: అదే వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషి పాటించే తీరును పాటిస్తే చాలు, ఫలితం బాగా రానంత మాత్రాన నిర్లక్ష్యం అనకూడదు. డాక్టర్లను అనవసరపు కేసుల నుంచి కాపాడటానికి అది సబబైన కొలతే. అయితే దాన్ని దాటాలంటే రోగికి మరో దంతవైద్యుడి సాక్ష్యం కావాలి, తోటి డాక్టరుకు వ్యతిరేకంగా కాగితం మీద రాసివ్వడానికి ఎవరూ తేలిగ్గా ముందుకు రారు. 2010లో హైదరాబాద్ నుంచే వెళ్లిన కిషన్‌రావు కేసులో కాస్త ఊరట దొరికింది. మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి భార్యకు మలేరియా బదులు టైఫాయిడ్ చికిత్స చేశారన్న ఆ కేసులో, ప్రతి ఫిర్యాదుకూ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదని, కంటికే కనిపించే తప్పును వినియోగదారుల కమిషన్ నేరుగా చూడొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు పన్ను పీకితే, విరిగిన సూది వేరులో వదిలి చెప్పకపోతే ఆ తీర్పు అండగా నిలుస్తుంది. కానీ ఏడాదిన్నరకు క్యాప్ ఊడిందన్న ఫిర్యాదు అంత తేటతెల్లంగా ఉండదు. పదిహేను వేల కోసం ఏళ్లు తిరిగి, ‘నిర్లక్ష్యం రుజువు కాలేదు’ అనిపించుకోవడం ఎవరికి కావాలి? నిర్లక్ష్యం అనే కొలత ప్రాణాల మీదికి వచ్చే తప్పుల కోసం తయారైంది. ఊడిన క్యాపును దాంతో కొలవబోతే, నిజంగా నష్టపోయిన రోగి ఓడిపోతాడు, ఏ తప్పూ చేయని డాక్టరు అనవసరంగా ముద్దాయి అవుతాడు.

అందుకే ముందే రాసుకున్న షరతు కావాలంటున్నాను. పళ్ల పనిలో సగం వైద్యం, సగం తయారీ. వేరు దగ్గరి ఇన్ఫెక్షన్ తగ్గడం వైద్యం. అక్కడ ఎవరూ ఖాయమని మాటివ్వలేరు. కొలత తీసి, ల్యాబులో చేయించి, అతికించే క్యాపు, బ్రిడ్జి, కట్టుడు పళ్లు, ఇంప్లాంట్ మీది పన్ను, ఇవన్నీ తయారుచేసిన వస్తువులు. అవి సరిగ్గా కూర్చోవడం, కొంతకాలం నిలవడం చేసినవారి చేతిలోనే ఉంటుంది. వస్తువు భాగానికి రెండేళ్లపాటు పూర్తి హామీ ఉండాలి: ఊడినా, పగిలినా, అంచు దగ్గర పుచ్చినా ల్యాబ్ ఖర్చుతో సహా క్లినిక్కే మళ్లీ చేయాలి. వైద్యం భాగానికి పంచుకునే పద్ధతి చాలు: రూట్ కెనాల్ రెండేళ్లలోపు బెడిసికొడితే మళ్లీ చేయడానికి ఫీజు తీసుకోకూడదు, పన్ను తీయాల్సి వస్తే కట్టిన డబ్బును తర్వాతి పనిలో సర్దాలి. ఎముకకు అతుక్కోకుండానే ఊడిన ఇంప్లాంట్‌కు మళ్లీ డబ్బు అడగడం ఏ లెక్కనా ఒప్పుకోదగింది కాదు. ఇదేదో ఊహల్లోంచి పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఎన్‌హెచ్‌ఎస్ కింద చేసిన ఫిల్లింగులు, రూట్ ఫిల్లింగులు, క్యాపులు 12 నెలల్లోపు పాడైతే ఉచితంగా బాగుచేయాలన్న నిబంధన ఏళ్లుగా అమల్లో ఉంది. దాని మినహాయింపులు మరీ ఆలోచింపజేస్తాయి: ఇది తాత్కాలికమేనని డాక్టరు ముందే చెప్పి ఉంటే, వద్దన్నా రోగే పట్టుబట్టి చేయించుకుంటే, దెబ్బ తగిలి విరిగితే, మధ్యలో ఇంకో డాక్టరు ఆ పన్ను మీద చేయి పెడితే హామీ వర్తించదు. ముందు చెప్పిన సంగతికి ఒక విలువ, చెప్పకుండా దాచినదానికి ఒక మూల్యం అన్నమాట. అక్కడి ప్రైవేటు డాక్టర్లకు ఆ నిబంధన లేదు, నిజమే. మనకు పళ్ల వైద్యం చాలా మటుకు ప్రైవేటే కనుక, ఇక్కడ అది ప్రైవేటులోనే మొదలవ్వాలి.

డాక్టర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. శరీరం యంత్రం కాదు, గ్యారంటీ ఇవ్వడం వృత్తి ధర్మానికే విరుద్ధం అంటారు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ‘నయమైతేనే డబ్బు’ అనే ఒప్పందాన్ని అనైతికం అన్న మాట వాస్తవం. కానీ అక్కడ కాదన్నది ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడాన్ని. తీసుకున్న ఫీజులోనే ఒకసారి సరిదిద్దే బాధ్యతను చేర్చుకోవడాన్ని కాదు. చెప్పాలంటే, మంచి క్లినిక్‌లు ఆ పని ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాయి, తెలిసిన రోగికి, గట్టిగా అడిగిన రోగికి. అడగడం తెలియనివారికి, మొహమాటపడేవారికి అది దక్కడం లేదు. రెండో మాట, రోగులు శుభ్రం పాటించరని. అయితే ఆ షరతు కూడా రాయండి: ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి, షుగర్ ఇంతలోపు ఉంచుకోవాలి, రాత్రి పళ్లకు గార్డు పెట్టుకోవాలి. వేళకు రాని రోగికి హామీ తగ్గించినా నాకు అభ్యంతరం లేదు. మూడోది ఖర్చు పెరుగుతుందని. ఓ ఊహాలెక్క వేద్దాం. నూటికి 5 క్యాపులు రెండేళ్లలో వెనక్కి వచ్చాయనుకోండి, మళ్లీ చేయడానికి క్లినిక్‌కు అయ్యేది ఫీజులో సగం అనుకోండి. పదివేల క్యాపు మీద అదనంగా పడేది 250 రూపాయలు. ఆ మాత్రం కలిపి, ముందే చెప్పి తీసుకుంటే కాదనేవారు ఉంటారనుకోను. అంతకన్నా ఎక్కువ పెంచాల్సి వస్తోందంటే ఆ క్లినిక్‌లో క్యాపులు మరీ ఎక్కువగా ఊడుతున్నట్టు లెక్క, అది రోగికి ముందే తెలియడం మంచిదే.

ఇవన్నీ దాటుకుని వచ్చే నాలుగో అభ్యంతరమే నన్ను ఆలోచనలో పడేసింది. హామీ తప్పనిసరి అయితే డాక్టర్లు కష్టమైన పళ్లను ముట్టుకోరు, నిలబెట్టగలిగిన పన్నును కూడా పీకేసి ఇంప్లాంట్ వైపు తోస్తారు అని. ఈ ప్రమాదం నిజంగానే ఉంది. రోగికి ఆశ పెట్టుకుని ప్రయత్నించే హక్కు ఉండాలి, డాక్టరుకు భయం లేకుండా ప్రయత్నించే వీలు ఉండాలి. దీనికి విరుగుడు హామీ తీసేయడం కాదు, సందేహం ఉన్న పన్నుకు ‘అవకాశం తక్కువ, హామీ లేదు’ అని రాసి సంతకం పెట్టించుకునే వెసులుబాటు ఇవ్వడం. అన్ని పళ్లకూ అదే ముద్ర కొట్టి తప్పించుకునేవారు ఉండరా అంటే ఉంటారు. ప్రతి పన్నుకూ హామీ లేదనే క్లినిక్‌లో ఎందుకు చేయించుకోవాలో రోగి ఆలోచించుకుంటాడు. దేశంలో మూడు వందలకు పైగా డెంటల్ కాలేజీలున్నాయి, మన నగరాల్లో పళ్ల డాక్టర్లకు కొరత లేదు.

రోగి వైపు నుంచీ ఓ న్యాయమైన ప్రశ్న వస్తుంది: ఒకసారి పాడుచేసిన మనిషి చేతికే మళ్లీ నోరు అప్పగించాలా? నమ్మకం పోయినచోట ఉచితంగా చేస్తామన్నా వెళ్లబుద్ధి కాదు. కాబట్టి హామీలో రెండో దారి ఉండాలి: మళ్లీ చేసే బదులు, కట్టిన డబ్బులో కాలాన్ని బట్టి కొంత వాపసు. అయితే రోగి ఓ పొరపాటు చేయకూడదు. కోపంలో నేరుగా ఇంకో క్లినిక్‌కు వెళ్లి పాతదంతా తీయించేస్తే, ఆ రోజుతో సాక్ష్యం కూడా పోతుంది. తీయకముందు ఎక్స్‌రే, ఫొటోలు, ఊడిన క్యాపు జాగ్రత్త చేసుకోవాలి. మొదటి క్లినిక్ నుంచి రికార్డులు రాతపూర్వకంగా అడగాలి. 2014 నాటి దంతవైద్యుల నియమావళి ప్రకారం వాటిని మూడేళ్లపాటు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రెండో అభిప్రాయానికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనో విజయవాడలోనో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లడం మేలు. అక్కడి ఓపీ చీటీ మీద ప్రొఫెసరు రాసే రెండు వాక్యాల్లో వ్యాపారం ఉండదు. పక్క వీధి క్లినిక్ అభిప్రాయంలో అది ఉండదని చెప్పలేం, ఎందుకంటే మొదటి పని చెత్త అని తేలితే రెండో పని వారికే వస్తుంది. సెలవుల్లో అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి, మూడు వారాల్లో నోరంతా బాగుచేయించుకుని వెళ్లే మనవాళ్ల సంగతి ఇంకా చిక్కు. అక్కడి ఖర్చుతో పోలిస్తే ఇక్కడ చవకే, కానీ నెలలు పట్టాల్సిన ఇంప్లాంట్‌ను టికెట్ తేదీకి కుదించమని అడిగేది వారే. అలాంటివారికి హామీ కాగితంలో ఇంకో వాక్యం కావాలి: అక్కడ పాడైతే అక్కడి ఖర్చులో ఎంత ఇస్తారు, ఇవ్వరా అని.

ఇదంతా ఒక్కో రోగి ఒక్కో క్లినిక్‌తో బేరమాడి సాధించుకునేది కాదు. రాష్ట్ర డెంటల్ కౌన్సిళ్లు ఒక్క పేజీ నమూనా తయారుచేసి, చేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, వాడిన పదార్థం, అంచనా కాలం, హామీ, మినహాయింపులు అన్నీ అందులో తెలుగులో ఉండాలని ఆదేశిస్తే సగం తగవులు పుట్టవు. కౌన్సిళ్లు ఇప్పటిదాకా ప్రధానంగా అర్హత లేనివారి గురించీ, ప్రకటనల గురించీ మాట్లాడాయి. అర్హత ఉన్నవారి పని ఎంతకాలం నిలుస్తోందన్నది వాటి పట్టింపులో లేదు. 1948 దంతవైద్యుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది, నైతిక ప్రమాణాలకూ రిజిస్ట్రేషన్‌కూ విడిగా ఒక బోర్డును అందులో పెట్టింది. ఆ బోర్డుకు ఇంతకన్నా తగిన మొదటి పని కనిపించదు. తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద క్లినిక్‌లకు రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. రెన్యువల్ సమయంలో ఈ కాగితం ఇస్తున్నారా అని అడగడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రైవేటు దంతవైద్యం మీద ఫిర్యాదులను కోర్టు బయట పరిష్కరించడానికి అక్కడి డెంటల్ కౌన్సిల్ డబ్బుతోనే నడిచే ఉచిత సేవ ఉంది. డబ్బు వాపసో, మళ్లీ చేయించుకునే ఖర్చులో కొంతో, కనీసం సరైన వివరణో ఇప్పించి పంపుతుంది. డాక్టర్ల రుసుముతో డాక్టర్ల మీద ఫిర్యాదులు తీర్చడం వింతగా తోచొచ్చు. కానీ కోర్టుకెక్కని ప్రతి తగవూ వాళ్లకూ లాభమే.

అంతవరకు రోగి చేతిలో ఉన్నది జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం 5 లక్షలలోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు, తాను ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే అంతకుముందే రాజీ కుదిర్చే ప్రయత్నం జరుగుతుంది. కానీ గడువు రెండేళ్లే. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, మన్నించి తీరాలని లేదు. పళ్ల విషయంలో ఈ రెండేళ్లు ఎలా గడుస్తాయో చాలామందికి అనుభవమే: ‘ఇంకో నెల చూద్దాం’, ‘యాంటీబయోటిక్ రాస్తాను’, ‘సెట్ అవుతుంది’ అంటూ క్లినిక్‌కూ ఇంటికీ మధ్య. ఆ మాటలు నిజాయితీగా అన్నవే కావచ్చు, గడువు మాత్రం వాటికోసం ఆగదు. అందుకని సమస్య మొదలైన రోజునే క్లినిక్ నంబరుకు వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపాలి, ఏ పన్ను, ఎప్పుడు చేయించాం, ఇప్పుడేమైంది అని. వెళ్లిన ప్రతిసారీ ఏం చెప్పారో అందులోనే మళ్లీ రాయాలి. తగవు కమిషన్ దాకా వెళితే అక్కడ మొదట అడిగేది ఆ తేదీలే.